రావడం మానేసిన మనుషులు

మెడికల్ రికార్డుల సెక్షన్‌లో పనిచేసేవాళ్లకి రోగం తెలియదు, మందు తెలియదు, రోగి మొహం కూడా చాలాసార్లు తెలియదు. ఫైలు బరువు మాత్రం తెలుస్తుంది. ముప్పై ఏళ్లకి పైగా ఆ బరువులు మోసి రిటైరైనదాన్ని నేను. ఈమధ్య ఏదో సర్టిఫికెట్ పనిమీద మా పాత సెక్షన్‌కి వెళ్తే ర్యాకుల్లేవు, నిచ్చెన లేదు, దుమ్ముకి తుమ్ముకుంటూ తిరిగే మనిషి లేడు. చల్లటి గదిలో కంప్యూటర్ల ముందు నలుగురు పిల్లలు కూర్చుని ఉన్నారు. అందులో ఒకమ్మాయి, "మేడమ్, సర్వీసులో మీరు చేసిన అతి పెద్ద తప్పేమిటి?" అని అడిగింది. పెద్దవాళ్లని అడగాల్సిన ప్రశ్నేనా అది! ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. చెప్పడం మొదలుపెట్టాను గానీ సగంలోనే వాళ్ల భోజనాల వేళయింది. అందుకని మొత్తం కాగితం మీద పెడుతున్నాను. మీలాంటి కొత్తవాళ్లే చదవాలి దీన్ని.

మాది యానాం. పెళ్లయ్యాక పుదుచ్చేరి వచ్చి లాస్‌పేటలో స్థిరపడ్డాం. నేను పనిచేసింది ఒక ట్రస్టు ఆసుపత్రిలో. పేరు చెప్పను. ఊళ్లో ఆసుపత్రులన్నీ వరసగా తలుచుకుని ఊహించే ప్రయత్నమూ చేయకండి. సముద్రం మాకు రెండు వీధుల అవతల. ఆ ఉప్పుగాలికి మా ఇనుప ర్యాకులు ఏటా రంగు వేసినా తుప్పు పట్టేవి, ఆ తుప్పు నా చీరలకి అంటుకునేది.

మా పని ఇదీ. ఒక మనిషికి ఒక ఫైలు. ఫైలు మరీ లావైతే దాన్ని నాడాతో కట్టేసి రెండో వాల్యూమ్ తెరుస్తాం. రెండేళ్లపాటు ఎవరూ బయటికి తీయని ఫైలుకి అట్టమీద ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అటక మీదికి ఎక్కిస్తాం. ఆ గుర్తుకి అర్థం 'రావడం మానేశారు' అని. గుర్తు పెట్టేముందు ఆ మనిషికి ఫలానా రోజు రమ్మని ఒక కార్డు రాయాలని రూలుంది. రాసిన కార్డుల్లో చాలావరకు అడ్రసు దొరక్క తిరిగొచ్చేవి. నేను సెక్షన్ ఇన్‌ఛార్జి కాగానే, ఎవరడుగుతారులే అని ఆ కార్డులు రాసే పని ఎత్తేశాను. కుర్చీలో కూర్చున్న మొదటి నెలలోనే పని తగ్గించానని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

సెక్షన్‌లో నాతోపాటు ఒక అటెండరు ఉండేవాడు. నాకంటే పెద్దవాడు. నేను "అన్నా" అనేదాన్ని. తాతల కాలం నుంచి ఈ ఊళ్లోనే ఉన్న తెలుగువాళ్లు. తెలుగు గలగలా మాట్లాడతాడు, తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. ఫైళ్ల మీద తమిళం, ఇంగ్లీషు చకచకా చదివేస్తాడు. నిచ్చెన ఎక్కి కళ్లు మూసుకుని చెయ్యి పెట్టినా కావలసిన ఫైలే వచ్చేది. నోట్లో నువ్వుగింజ నానదు గనక ఆసుపత్రి వార్తలన్నీ మాకు ఆయన ద్వారానే అందేవి.

మానసిక వైద్య విభాగం వరండా చివర, ఒకప్పుడు మంచాలు పెట్టుకునే గదిలో, ఒక సైకాలజిస్టు కూర్చునేది. విజయవాడ నుంచి వచ్చింది, కాంట్రాక్టు ఉద్యోగం. ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్లది వ్యక్తిత్వ రుగ్మత అనేవారు. నేను డాక్టర్ని కాను, నాకు అర్థమైన మాటల్లో చెబుతాను. అది జ్వరంలా వచ్చిపోయేది కాదు. ఆ మనిషి సాటి మనుషులతో మెలిగే తీరులోనే పుండు ఉంటుంది. ఎవరైనా దగ్గరికి వస్తే అనుమానం, కాస్త దూరం జరిగితే ప్రాణం పోయేంత భయం. పొద్దున దేవతలా కనిపించినవాళ్లే సాయంత్రానికి శత్రువులు. ఆ బాధ పట్టలేక కొందరు తమకు తామే హాని చేసుకుని క్యాజువాలిటీకి వచ్చేవారు. బతికి వెళ్లేవారు, మళ్లీ వచ్చేవారు. క్యాజువాలిటీలో వాళ్లకి 'రిటర్న్ టికెట్లు' అని పేరు పెట్టారు. ఆ మాటకి అందరితోపాటు నేనూ నవ్వాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, కానీ నవ్వానన్నది నిజం.

ఆ రిటర్న్ టికెట్లలో అందరికంటే లావు ఫైలు ఒక పాతికేళ్ల అమ్మాయిది. మూడేళ్లలో నాలుగు వాల్యూములు. ఆమెని నేను ఎన్నడూ చూడలేదు. కానీ ఆమె సంతకం నాకు మా ఆయన సంతకం కంటే బాగా తెలుసు. ఎందుకంటే ప్రతిసారీ వార్డులో రెండు రోజులు ఉండి, డాక్టరు వద్దన్నా నా ఇష్టంతోనే పోతున్నాను అన్న కాగితం మీద సంతకం పెట్టి వెళ్లిపోయేది. తమిళ అక్షరాలు, ముందు ఇంటిపేరు పొడి అక్షరం, చివరి అక్షరం తోక మాత్రం కాగితం అంచుదాకా ఈడ్చి వదిలేది. కాగితాన్ని చింపేస్తుందేమో అన్నట్టు ఉండేది ఆ గీత.

నాలుగో వాల్యూమ్ తర్వాత ఆ అమ్మాయి సైకాలజిస్టు దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది. ప్రతి మంగళవారం ఒక చిన్న చీటీ మా దగ్గరికి వచ్చేది. దాని మీద తేదీ, 'వచ్చారు' అన్న ఒక్క మాట, ఆవిడ పొడి సంతకం. అంతే. లోపల ఏం జరిగిందో రాసిన కాగితాలు ఆవిడ తన బీరువాలో పెట్టి తాళం వేసుకునేది. నాకు ఒళ్లు మండేది. ఆసుపత్రిలో మా చేతికి రాని కాగితం ఉండటమా! ఏడాదిన్నర అలా చీటీలు వచ్చాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. క్యాజువాలిటీ కాగితాలూ ఆగిపోయాయి. రెండేళ్లు గడిచాయి. నేను ఎర్ర పెన్సిల్ గుర్తు పెట్టి ఫైలు అటక ఎక్కించాను.

గుర్తుకి అర్థం 'రావడం మానేశారు' అనే. కానీ నాలుగు వాల్యూముల మనిషి ఒక్కసారిగా ఆగిపోతే రికార్డు సెక్షన్‌లో అందరం మనసులో అనుకునేది ఒక్కటే. పోయింది పాపం, అని. ఆ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లిన మరికొందరి ఫైళ్లు కూడా అలాగే ఆగిపోయాయి. మంత్రాలకు చింతకాయలు రాలతాయా అంటారు. మాటలతో రోగం పోతుందా, ఈవిడ కబుర్లు చెబుతూ కూర్చుంటే పిల్లలు ఒక్కొక్కరే రాలిపోతున్నారు అని నేను లోపల్లోపల ఆవిడ మీద పగ పెంచుకున్నాను.

ఒకరోజు మా అటెండరన్న నిచ్చెన మీద నుంచే అడిగాడు.

"ఏందమ్మా, ఈ పిల్ల పోయిండాదంటావు. పోయుంటే మన ఫైలుకి చావు కాగితం వచ్చుండాల గదా? యాడ వచ్చింది?"

"వేరే ఆసుపత్రిలో పోయి ఉంటుంది అన్నా. అన్నీ మన దగ్గరికే వస్తాయా?"

"అందరూ వేరే ఆసుపత్రికే పోయి చచ్చినారా?" అని ఆయన గొణిగాడు. నేను వినిపించుకోలేదు.

ఆ సంవత్సరమే ట్రస్టుకి కొత్త కమిటీ వచ్చింది. ప్రతి విభాగమూ తన ఖర్చుకి తగ్గ ఫలితం చూపించాలన్నారు. మా సూపరింటెండెంటు ఆంధ్ర నుంచి వచ్చిన పాత సర్జన్. మంచివాడే, కానీ కోసి తీసింది కళ్లకి కనబడాలి ఆయనకి. నన్ను పిలిచి ఒక ఫారం ఇచ్చారు.

"చూడమ్మా, ఓపీలో ఒక డాక్టరు ఒక్క పూటలో యాభైమందిని చూస్తాడు. ఈ సైకాలజిస్టు గంటకి ఒక్కరిని చూస్తుంది. అదే మనిషిని ఏడాదిన్నర చూస్తుంది. దానివల్ల ఏం వచ్చిందో మాకు తెలియాలి. పేషెంట్ల పేర్లు రాసి, ఎదురుగా ప్రెజెంట్ స్టేటస్ రాసి ఇవ్వు. కమిటీకి పెడతాను."

నేను అరపూటలో పూర్తిచేశాను. పేరు, వచ్చిన మొదటి తేదీ, చివరి తేదీ, ప్రస్తుత స్థితి. ప్రస్తుత స్థితి గడిలో పైనుంచి కిందదాకా ఒకటే మాట, రావడం మానేశారు. కమిటీ టైపు చేయించిన నోట్‌లో ఆ మాట ఇంకొంచెం ముదిరి 'చికిత్స మధ్యలో వదిలేసినవారు' అయింది. మూడు వారాల్లో మీటింగు. ఫలితం లేని ఈ యూనిట్‌ని మూసేయవచ్చు అన్న వాక్యం అప్పటికే ఆ నోట్‌లో ఉంది.

మర్నాడు సైకాలజిస్టు మా కిటికీ దగ్గరికి వచ్చింది. చేతిలో ఆ నోట్ ఉంది. నేను గొడవకి సిద్ధంగా కూర్చున్నాను, ఆవిడ గొంతు మాత్రం పెరగలేదు.

"మేడమ్, వీళ్లు మధ్యలో వదిలేయలేదండి. వీళ్లకి చికిత్స అయిపోయింది."

"అయిపోయినట్టు కాగితం ఏదండి?"

"నా బీరువాలో ఉంది."

"అయితే ఇవ్వండి. గంటలో స్టేట్‌మెంట్ మార్చి ఇస్తాను."

"ఇవ్వలేను. వాళ్లు నన్ను నమ్మి చెప్పినవన్నీ ఆ కాగితాల్లోనే ఉన్నాయి. ఒక్కటి బయటపెట్టినా నేను వాళ్లకి ఇచ్చిన మాట తప్పినట్టే."

"మీ ఉద్యోగం పోతుందండి మరి."

"తెలుసు," అంది. కాసేపు మా ర్యాకుల వైపు చూస్తూ నిలబడింది. "నాకు ఇంకో ఊళ్లో ఇంకో ఉద్యోగం దొరుకుతుంది లెండి. ఇప్పుడు మంగళవారాలు వస్తున్నవాళ్లు పదకొండుమంది ఉన్నారు. సగం దారిలో ఉన్నారు. పుట్టినప్పటి నుంచి ఎవరో ఒకరు వాళ్లని సగంలోనే వదిలేస్తూ వచ్చారు. ఈసారి వదిలేసేది ఆసుపత్రి. ఆ తర్వాత వాళ్లు ఎక్కడ తేలతారో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ కాగితాలన్నీ మీ దగ్గరికే కదా వచ్చేది."

ఆవిడ వెళ్లిపోయింది. బీరువా తాళం తీస్తే పోయేదానికి ఇంత పట్టుదల ఏమిటి అని నేను విసుక్కున్నాను. కానీ చివరి మాట గుచ్చుకుంది. పదకొండుమంది ఫైళ్లు లావెక్కడం నా కళ్లముందు కనబడింది.

నాలుగైదు రోజుల తర్వాత ఒక గురువారం. రోజూ పది గంటలకి క్యాజువాలిటీ నుంచి నిన్నటి కాగితాలు, అప్పటిదాకా వచ్చిన ఆ రోజువీ ఒక కట్టగా వస్తాయి. వాటికి నంబర్లు వేయడం నా పని. ఆ రోజు కట్టలో పైన ఉన్నది తట్టాంచావడి ఫ్యాక్టరీల వాడ నుంచి వచ్చిన కేసు. ఫ్యాక్టరీలో పనిచేసే పంతొమ్మిదేళ్ల పిల్ల, యంత్రంలో పడి రెండు వేళ్లు చితికాయి. నంబరు వేసి పక్కన పెట్టబోతూ, కింద 'తోడు వచ్చినవారు' అన్న గడి చూశాను.

తమిళ అక్షరాలు. ముందు పొడి అక్షరం. చివరి తోక అంచుదాకా.

మూడేళ్లపాటు 'రోగి' అన్న గడిలో చూసిన పేరు అది. నేనే చంపి అటక ఎక్కించిన పేరు. అటెండరన్నకి కాగితం చూపించాను. ఆయన పేరు చదివి నా మొహంలోకి చూశాడు. "పరుగెత్తు," అన్నాడు అంతే. అప్పటికి నాకు యాభై దాటాయి, మోకాళ్ల నొప్పులు. అయినా పరుగెత్తాను.

క్యాజువాలిటీలో తెర పక్కన మంచం మీద ఆ గాయపడ్డ పిల్ల ఏడుస్తోంది. పక్కన స్టూలు మీద నీలం రంగు ఫ్యాక్టరీ కోటు వేసుకున్న ఒకామె కూర్చుని ఉంది. ఒళ్లో ఆ పిల్ల టిఫిన్ డబ్బా, కాళ్ల దగ్గర ఆ పిల్ల చెప్పులు. ఆమె ఆ పిల్ల బాగున్న చెయ్యి పట్టుకుని మాట్లాడుతోంది.

"ఏడువు. ఏడిస్తే తప్పేం లేదు. చెయ్యి మాత్రం కదపొద్దు. వేలై, అదే పని, పోతాదని బయపడొద్దు, యాడికీ పోదు, నేను మాట్లాడతా. నేను ఈడనే ఉండా. కుట్లు వేసేదాకా ఈడనే ఉంటా."

నేను గుడ్లప్పగించి చూస్తూ నిలబడిపోయాను. ఆమె తలెత్తింది.

"ఏందక్కా? ఏం కావాల?"

ఏమని చెప్పను? నీ బతుకు నాలుగు వాల్యూములు నేను మోశానమ్మా అని చెప్పనా? ఆమెకి నేనెవరో తెలియదు. ఒక ఫైలులో చదివిన సంగతి రోగి ముందు కూడా అనకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. నోటికొచ్చిన అబద్ధం ఆడాను.

"సంతకం సరిగ్గా పడలేదమ్మా. ఇంకోసారి పెట్టాలి."

"సరిగ్గానే పెట్టినానే," అంటూ మళ్లీ పెట్టింది. అదే తోక. "ఎంతసేపు అవతాదక్కా? రెండు గంటలకి లోడు పంపాల. నేను ఆడ లైన్ లీడర్ని. పదిమంది ఆడోళ్లు నా కింద. ఈ పిల్ల మా లైనులోదే, చేరి నెల కూడా కాలేదు."

"ఒక గంట పడుతుంది."

"సరి, పరవాలే. ఫోన్ చేసి చెప్తా." తర్వాత తనే చుట్టూ చూసి నవ్వింది. "ఈ గది నాకు బాగా తెలుసక్కా. ఒక కాలంలో నాకోసం ఈడ మంచం వేసి పెట్టుకొనుండారు. అట్ట వచ్చేదాన్ని. తరవాత ఆ చివరి గది మేడమ్ దగ్గర ఒకటిన్నర ఏడాది మాట్లాడినా."

అడగకూడదని తెలుసు. అయినా నోరు ఆగలేదు. "ఏం మాట్లాడావమ్మా అంతకాలం?"

"అది చెప్పేదానికి లేదక్కా," అంది, చిన్నపిల్లని బుజ్జగించినట్టు.

"మరి ఇప్పుడెందుకు రావడం లేదు?"

ఆమె నిజంగానే అర్థంకానట్టు చూసింది. "ఎందుకు రావాల? బాగుండా గదా!"

నేను మా సెక్షన్‌కి ఎలా తిరిగొచ్చానో గుర్తులేదు. అటెండరన్న అప్పటికే నిచ్చెనెక్కి నాలుగు వాల్యూములూ దించి నా బల్లమీద పెట్టాడు. నాడాలు విప్పి, సంవత్సరాల తర్వాత మొదటిసారి, నంబర్ల కోసం కాకుండా చదివాను. మూడేళ్లలో ఆమె మా వార్డు మంచం మీద ఎన్ని రోజులు పడుకుందో లెక్కపెట్టాను. ఎక్కించిన సెలైన్లు, అంబులెన్సు, కుట్లు, అత్యవసరంగా పిలిపించిన డాక్టర్లు. తోడు వచ్చినవారి గడిలో ఎక్కువసార్లు తండ్రి పేరు, ఎదురుగా వృత్తి. మొదటి వాల్యూములో బస్సు కండక్టరు. మూడో వాల్యూముకి వచ్చేసరికి, పని లేదు. కూతురిని మోసుకు తిరుగుతూ ఆయన ఉద్యోగం పోగొట్టుకున్నాడన్న సంగతి అంతకాలం నా కళ్లముందే ఉంది. అది నింపవలసిన గడి కాబట్టి నింపి ఉందో లేదో చూశానే గానీ, ఏమని నింపారో చూడలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నర చీటీలు. తర్వాత ఏమీ లేదు.

పిల్లలూ, ఆ ఏమీ లేనిచోట నేను ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో. ఒళ్లు గగుర్పొడిచింది అంటారే, అదే. మందులు కొన్నట్టు, మంచం వాడినట్టు, చనిపోయినట్టు మా దగ్గర కాగితం ఉంటుంది. ఆ పని చేయవలసిన అవసరం తప్పింది అనడానికి కాగితం ఉండదు. ఆమె పడుకోకుండా మిగిల్చిన మంచం మీద ఆ రోజుల్లో ఇంకెవరో పడుకుని, బతికి, ఇంటికి వెళ్లి ఉంటారు. వాళ్ల ఫైలు కూడా నా చేతుల మీదుగానే పోయి ఉంటుంది. ఆమె ఒక లైను నడుపుతోంది. పదిమంది ఆడవాళ్లకి వేళకి పని దొరుకుతోంది. వేళ్లు చితికిన పిల్ల పక్కన ఒక మనిషి కూర్చుంది. ఇదంతా ఒక పాత గదిలో, రెండు కుర్చీల మధ్య, వారానికి ఒక గంట మాటలతో అయింది. ఏం మాటలో నాకు ఈరోజుకీ తెలియదు. తెలియదు గనకే ఇంకా ఆశ్చర్యంగా ఉంది. గుండె కోసి కుట్టిన ఆపరేషన్ల కాగితాలు వేలకొద్దీ సర్దినదాన్ని, ఏ కాగితం ముందూ నాకు చేతులు జోడించాలనిపించలేదు. ఆ ఖాళీ ముందు అనిపించింది.

మధ్యాహ్నం సైకాలజిస్టు గదికి వెళ్లి, నేను చూసినది చెప్పకుండా, నా తప్పు మాత్రం చెప్పాను. గుర్తు పెట్టేముందు కార్డు రాయాలని రూలుందని, ఆ పని ఎత్తేసింది నేనేనని, వాళ్లు చనిపోయారనుకుని ఇన్నాళ్లూ ఆవిడని తిట్టుకున్నానని కూడా చెప్పేశాను.

"అందరూ చనిపోయారనుకున్నారా?"

"అవునండి."

"అంత బాధ ఎవరికీ చెప్పకుండా మీరు ఒక్కరే ఎలా పెట్టుకున్నారండి?" అంది.

నేను తిట్లు తినడానికి వెళ్లాను. కళ్లు తుడుచుకుని వచ్చేశాను. ఆ గదిలో ఏం జరుగుతుందో ఆ ఒక్క నిమిషంలో నాకు కొంచెం అర్థమైంది.

ఇప్పుడు రూలు ప్రకారం ఆ పాత పేషెంట్లందరికీ కార్డులు రాయవచ్చు. బీరువా తెరవక్కర్లేదు. అయితే ఇంట్లో ఎవరి కంటా పడకుండా ఉండాలని ఆవిడ ఒక షరతు పెట్టింది. అందుకని కార్డుని మామూలు కవరులో పెట్టి, విభాగం పేరు లేకుండా, మా సెక్షన్ పేరుతో పంపాం. ఫలానా మంగళవారం పరీక్షకి రావలెను, రాలేకపోతే కారణం జతచేసిన కార్డు మీద తెలుపవలెను, అని పాత ఫారంలో ఉన్న రెండు ముక్కలే. తమిళంలో అటెండరన్న రాశాడు, తెలుగువాళ్లకి నేను రాశాను. తెలుగు ఇంట్లో పుట్టీ తెలుగు చదవలేనివాళ్లు ఈ ఊళ్లో ఎక్కువని ఆయన గుర్తుచేస్తే, వాళ్లకీ తమిళంలోనే మళ్లీ రాశాం. పోస్టు చేసి కూర్చున్నాం. మీటింగుకి పన్నెండు రోజులు.

మొదటి వారం తిరుగు టపాలో వచ్చినవన్నీ అడ్రసు దొరకని కవర్లే. నేను దిగాలుపడ్డాను. రెండో వారం జవాబులు మొదలయ్యాయి. అన్నీ మంచివి అని చెప్పను. ఒక తల్లి, తన కొడుకు ఇప్పుడు లేడని ఒక్క వాక్యం రాసింది. ఆ కార్డు పట్టుకుని అటెండరన్న బయటికి వెళ్లి చాలాసేపటికి వచ్చాడు. ఇద్దరు ఇంకా బాగోలేదు, తప్పకుండా వస్తాం అని రాశారు. మిగతా కార్డులు మీటింగుకి తీసుకెళ్లాను. నాలుగు వాల్యూములూ తీసుకెళ్లాను, అట్టల మీద పేరు, నంబరు కనబడకుండా కాగితం అంటించి. తప్పు మా సెక్షన్‌దేనని రాసిన ఉత్తరమూ తీసుకెళ్లాను.

సూపరింటెండెంటు ఉత్తరం చదివి కళ్లజోడు తీశారు.

"ఏమ్మా, ఇది నీ తప్పేనని నువ్వే రాసిస్తున్నావా? మెమో వస్తుంది."

"రానివ్వండి సార్."

"ఇవేంటి?"

"ఒక పేషెంటు ఫైళ్లండి. సైకాలజిస్టు దగ్గరికి వెళ్లకముందు మూడేళ్లవి."

ఆయన ఒక్కొక్క వాల్యూమూ ఎత్తి చూసి పక్కన పెట్టారు. నాలుగోది పెట్టాక ఇంకోదాని కోసం చెయ్యి చాపారు.

"తర్వాతది ఏదమ్మా?"

"లేదండి."

"లేదంటే?"

"ఆ తర్వాత ఆ మనిషికి మనతో పని పడలేదండి. ఈ కార్డులు చూడండి."

ఆయన కార్డులు తీసుకున్నారు. తమిళం ఆయనకి కూడబలుక్కుంటే వస్తుంది. కమిటీలో మిగతావాళ్లు వినేలా ఒక్కొక్కటే పైకి చదివారు. మంగళవారం రాలేను, స్కూల్లో పరీక్షల డ్యూటీ ఉంది. రాలేను, ఆ రోజు నూట యాభైమందికి భోజనాల ఆర్డరు ఉంది. రాలేను, కొత్త ఉద్యోగం, ఆరు నెలలదాకా సెలవు ఇవ్వరు. రాలేను, ఫస్ట్ షిఫ్ట్. రాలేను, పాపని బడికి దించాలి, సాయంత్రం అయితే చూస్తాను, నాకు బాగానే ఉంది, మేడమ్‌కి నమస్కారం చెప్పండి.

చదువుతూ చదువుతూ ఆయన గొంతు తగ్గిపోయింది. చివరి కార్డు చదవలేదు, చేతిలో పెట్టుకుని కూర్చున్నారు. "అందరికీ పనులున్నాయే," అన్నారు, తనలో తాను అనుకున్నట్టు.

యూనిట్‌ని కొనసాగించాలని, ఏటా కార్డులు రాయాలని ఆర్డరు వచ్చింది. దానితోపాటే నాకు మెమో వచ్చింది. నా సర్వీసులో అదొక్కటే మెమో, ఇంకా దాచుకున్నాను. ఆర్డరు కాపీ అటెండరుతో పంపవచ్చు. కానీ నేనే తీసుకుని వరండా చివరికి వెళ్లాను. ఆ రోజు మంగళవారం. ఆవిడ గది బయట బెంచీ మీద, గోడ పక్కన, మెట్ల మీద అందరూ ఉన్నారు. పదకొండుమందీ, వాళ్ల వేళ కాకపోయినా, పొద్దున్నే వచ్చేశారు. గది మూసేస్తున్నారన్న వార్త ఎలాగో వాళ్లదాకా పాకింది.

సైకాలజిస్టు బయటికి వచ్చి ఆర్డరు చదివింది. కాగితం మడిచి, గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది. "గది ఉంటుంది. నేనూ ఉంటాను."

ఎవరి మొహంలోనూ సంతోషం కనబడలేదు. అలాంటి మాటలు వాళ్లు చాలా విని ఉంటారు. బెంచీ చివర నలభై దాటిన ఒకాయన, ఇస్త్రీ చొక్కా, ఒళ్లో ఆఫీసు బ్యాగు, నేల చూస్తూ అడిగాడు.

"పై వారం ఉంటారా మేడమ్?"

"ఉంటాను."

"ఆ పై వారం?"

"ఉంటాను."

"దాని పై వారం?"

నేనైతే మూడోసారికే విసుక్కునేదాన్ని. ఆవిడ వచ్చి ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది. ఆయన ఒక్కొక్క వారమే అడుగుతూ పోయాడు. ఆవిడ ఒక్కొక్క వారానికీ, అదే మొదటిసారి వింటున్నట్టు, ఉంటాను అని చెబుతూ పోయింది. మిగతా పదిమందీ తలలెత్తి వింటున్నారు. ఎన్ని వారాలయ్యాయో నేను లెక్కపెట్టలేదు. చివరికి ఆయన బ్యాగులోంచి ఫోన్ తీసి, వరండా మలుపు దగ్గరికి వెళ్లి, ఆఫీసుకి ఫోన్ చేశాడు.

"సార్, మొన్న రాజీనామా లెటర్ ఇచ్చానే, అది చించేయండి సార్," అంటున్నాడు. "రేపటి నుంచి వస్తాను. మంగళవారాలు మాత్రం గంట ఆలస్యమవుతుంది."